ఆ చేపను ఎవరు పోసిన్రు?

(ఆదివాసీ యువతీ యువకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. విననోళ్ల కోసం రాసి పెడుతున్నాం.)



పొద్దున్నుంచి మనం పోడు పట్టాల గురించి మాట్లాడుకున్నాం. 1/70 చట్టం గురించి మాట్లాడుకున్నాం. నన్నేమో చేపల గురించి చెప్పమన్నరు. కొందరు నవ్వుతున్నరు, నేను చూస్తున్న. నవ్వండి, పర్వాలేదు. కానీ ఒక్కటి గుర్తు చేస్తా. కుమ్రం భీం నినాదంలో మూడు మాటలున్నయ్: జల్, జంగల్, జమీన్. జమీన్ కోసం కేసులేసినం. జంగల్ కోసం జైలుకు పోయినం. మొదట ఉన్న జల్ సంగతి ఏం చేసినం? ఇయ్యాల దాని గురించే మాట్లాడతా.

ముందు ఒక సంగతి చెప్తా. పోయినేడు మృగశిర కార్తె తర్వాత రెండు వానలు పడ్డయ్. మా ఊరి చెరువులోకి వాగు దిగింది. వాగు దిగిందంటే చేప ఎదురెక్కుతది, మీకు తెలుసు. మా పెద్దమ్మ ఊత పట్టుకుని మత్తడి కిందికి పోయింది. గంటలో బుట్ట సగం నిండింది. కట్టెక్కి వస్తుంటే కాపలా పిల్లగాడు ఆపిండు. "అమ్మా, చెరువు పాటకు పోయింది. చేపలు సొసైటోళ్లవి. బుట్ట దించు" అన్నడు.

పెద్దమ్మ బుట్ట దించింది. దించి, ఒక్కో చేప తీసి వానికి చూపించింది. "ఇది మట్టగిడస. ఇది జెల్ల. ఇవి పరకలు. ఇది బొమ్మిడాయి. ఇండ్ల మీరు పోసింది ఏదో చూపించు కొడుకా, అది ఒక్కటి తీస్కో" అన్నది.

వాడు చూపించలేకపోయిండు. ఆ బుట్టలో సొసైటీ పోసిన చేప ఒక్కటి కూడా లేదు. అయినా బుట్ట ఇయ్యలేదు. వానికి వచ్చిన ఆర్డరు అది. ఆ పిల్లగాడు కూడా మన పిల్లగాడే.

ఆమె అడిగిన ప్రశ్నకు ఏడాది నుంచి జవాబు వెతుకుతున్న. ఆ చేపను ఎవరు పోసిన్రు? ఈ ప్రశ్న మీరు కూడా మీ చెరువు దగ్గర అడగాలె. అందుకే ఈ మాటలు.

మన చెరువులో ఉన్నోళ్లు ఎవరు?

చెరువులో ఉన్న చేపలను నేను మూడు గుంపులు చేస్తా.

మొదటి గుంపు ఇక్కడ పుట్టినవి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి, పది రకాల పరకలు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు కాకతీయుల కాలంలో కట్టినవి. అంటే చెరువు మనిషి కట్టిందే. కానీ అందులో చేపను ఏ రాజూ తెచ్చి పోయలేదు. అడవిలో వాగులు ముందే ఉన్నయ్, వాగుల్లో చేపలు ముందే ఉన్నయ్. కట్ట పడ్డాక అవే చెరువులో నిలిచినయ్. పాకాల నీళ్లు మున్నేరులో కలిసి కృష్ణకు పోతయ్. లక్నవరం, రామప్ప నీళ్లు గోదావరి దిక్కు పోతయ్. ఈ వాగులూ ఏర్లే వాటి పుట్టిల్లు.

వీటి బతుకు మన వానకు, మన ఎండకు సరిపోయేటట్టు ఉంటది. ఎండాకాలం చెరువు అడుగంటితే కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక చచ్చిపోవు. నీళ్లల్లో గాలి చాలకపోతే పైకి వచ్చి మన లెక్కనే గాలి పీలుస్తయ్. బురదలో దాక్కుని వానకోసం చూస్తయ్. తొలకరి పడంగనే వాగుకు, మడికట్లకు ఎక్కి గుడ్లు పెడతయ్. కొర్రమీను గడ్డి మధ్య గూడు చేసి, పిల్లలకు కాపలా ఉంటది. ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద కదులుతుంటే కింద తల్లీతండ్రీ తిరుగుతుంటయ్. ఆ సమయంలో గాలం వెయ్యొద్దని మా తాత తిట్టేటోడు. అప్పుడు ఆ తల్లిని పడితే గుంపంతా పోతది. తాతకు చేపల శాస్త్రం తెలవదు. కానీ లెక్క తెలుసు. ఆ కొర్రమీనే ఇయ్యాల తెలంగాణ రాష్ట్ర చేప.

రెండో గుంపు మన దేశపువే, కానీ మన చెరువులో పుట్టవు. బొచ్చె, రవ్వు, మోసు. ఇవి పారే పెద్ద నదుల చేపలు, గంగా మైదానంలో బాగా పెరిగినవి. నిలిచిన నీళ్లల్లో ఇవి పిల్లలు పెట్టవు. అందుకే పూర్వం నదుల్లో పిల్లలను పట్టుకొచ్చి పోసేటోళ్లు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు ఈ చేపలకు సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించిన్రు. ఇప్పటికీ జులై 10ని మత్స్య రైతుల దినంగా జరుపుతరు. అప్పటి నుంచి పిల్లలను హాచరీలో తయారు చేసి లారీల్లో చెరువులకు పంపుడు మొదలైంది. తెలంగాణలో ప్రభుత్వమే 2016 నుంచి ఉచితంగా పోస్తున్నది.

మూడో గుంపు పరదేశం నుంచి వచ్చినవి. వీటి చరిత్ర కొంచెం వినాలె. గాంబూసియా 1928లో వచ్చింది, దోమ పిల్లలను తింటదని. కానీ అది మన చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటది. బంగారు తీగ 1939లో ఒకసారి, 1957లో ఇంకో రకం వచ్చింది. తిలాపియా, మనోళ్లు జిలేబి అంటరు, 1952లో వచ్చింది. గడ్డి చేప, వెండి చేప 1959లో వచ్చినయ్. ఇవన్నీ సర్కారు తెచ్చినవే. ఆఫ్రికా మార్పు మాత్రం అనుమతి లేకుండా దొంగచాటుగా వచ్చింది. 2000లో కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. అయినా మార్కెట్‌లో మార్పు పేరు మీద అమ్ముతనే ఉన్నరు. ఇక సక్కర్ చేప, దెయ్యం చేప అంటరు, అక్వేరియం నుంచి బయటపడ్డది. దాని ముండ్లకు వల చిరుగుతది. తినేటందుకు పనికిరాదు, కొనేటోడు ఉండడు.

అన్నీ ఒక్క తీరు కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త. బయటి చేప అన్నంత మాత్రాన శత్రువు అనకండి. మనుషుల గురించి అట్ల మాట్లాడితే మనమే ఒప్పుకోం. ప్రతి చేప ఏం చేస్తున్నదో చూడాలె.

గడ్డి చేప, వెండి చేప కూడా నిలిచిన నీళ్లల్లో పిల్లలు పెట్టవు. పోసుడు ఆపితే కొన్నేండ్లకు అయిపోతయ్. కానీ గడ్డి చేప ఎక్కువైతే చెరువు అంచున నాచు, గడ్డి మొత్తం మేస్తది. కొర్రమీను గూడు పెట్టుకునేది ఆ గడ్డిలోనే.

బంగారు తీగ అడుగు మట్టిని మూతితో తవ్వి తింటది. నీళ్లు మురికి అయితయ్, మొక్కల వేర్లు లేస్తయ్. పైగా అది మన చెరువులోనే పిల్లలు పెడతది.

తిలాపియా సంగతి వేరు. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని మోస్తది. కాబట్టి దాని పిల్లలను వేరే చేప తినుడు తక్కువ. చిన్నగున్నప్పుడే ఈతకు వస్తది, ఏడాదిలో ఎన్నోసార్లు పిల్లలు పెడతది. మన పరక వాన వస్తదా రాదా అని చూస్తుంటే, దానికి వానతో పని లేదు. ఒకసారి దిగితే తీసేటోడు లేడు. ఏడేండ్లకే, 1959లో, దీన్ని ఇక పెంచొద్దని దేశంలోని మత్స్య పరిశోధకులే చెప్పిన్రు. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు వేరే రకం తిలాపియాను లైసెన్సులిచ్చి మళ్లీ పెంచుతున్నరు.

ఆఫ్రికా మార్పు ఏది దొరికితే అది తింటది. గాలి పీలుస్తది కాబట్టి తడిలో పాకుకుంట పక్క కుంటకు పోతది. మన మార్పు ఉండే తావులోనే ఉండి, దానికంటే తొందరగా పెరుగుతది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలె. మన చేపలు తగ్గడానికి పరదేశపు చేప ఒక్కటే కారణం కాదు. పత్తి, మిర్చి చేన్లలో కొట్టే మందు మొదటి వానకు వాగులోకి దిగుతది. చేప ఎక్కే తొవ్వలో చెక్‌డ్యాంలు, రోడ్లు అడ్డం వచ్చినయ్. దోమతెర లాంటి వలలు వచ్చినయ్. మనోళ్లే కొందరు బ్లీచింగ్ పౌడర్ పోస్తున్నరు, కరెంటు తీగ పెడుతున్నరు. అది బయటోడు చేసిన అన్యాయం కాదు, మనం చేసుకుంటున్నది. దాన్ని దాచి మాట్లాడితే మన మాటకు విలువ ఉండదు.

చేప మారితే హక్కు మారుతది

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న.

తనంతట తాను పుట్టే చేప ఎవరిది? చెరువు చుట్టూ బతికే అందరిది. దానికి పెట్టుబడి లేదు. ఊత ఉన్నోళ్లు ఊతతో, గాలం ఉన్నోళ్లు గాలంతో, ఏదీ లేనోళ్లు చేతులతో పట్టుకుంటరు. ముసలమ్మ పట్టుకుంటది, బడి నుంచి వచ్చిన పిల్లగాడు పట్టుకుంటడు. అమ్ముకునేది తక్కువ, వండుకునేది ఎక్కువ. పరకను తలతో, ముల్లుతో సహా తింటం. పిల్లలకు ఎముకబలం, కంటిచూపు దాని నుంచే వస్తయ్. పెద్ద చేప ముక్కలో ముల్లు తీసి పారేస్తం, పరకలో ముల్లే బలం.

ఏటా తెచ్చి పోసే చేప ఎవరిది? పోసినోళ్లది. పిల్లకు లెక్క ఉంటది. లెక్క ఉన్నకాడ సొసైటీ ఉంటది, పాట ఉంటది, కాపలా ఉంటది. అది తప్పు అంటలేను, పెట్టుబడి పెట్టినోడు చేప కోరుకుంటడు. కానీ పోసిన చేప మీద ఉన్న హక్కు మెల్లగా చెరువు మొత్తం మీదికి పాకింది. రవ్వు వాళ్లదైంది, సరే. రవ్వు పక్కన ఈదే పరక కూడా వాళ్లదెట్లయింది? మా పెద్దమ్మ అడిగింది ఇదే.

మాటలు కూడా చూడండి. చేపల పెంపకం పుస్తకాలల్లో మన చేపలకు ఒక పేరుంది: కలుపు చేపలు. కొర్రమీను, వాలుగ లాంటివాటికి ఇంకో పేరు: పిల్లలను తినే చేపలు. కుంటలో కొత్త పిల్లను పోసే ముందు వీటిని చంపాలని రాస్తరు. దేంతోని చంపాలంట? ఇప్ప చెక్కతోని. ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే చెక్క. ఒక హెక్టారు కుంట మీటరు లోతుంటే 2,500 కిలోల దాకా వెయ్యమంటరు. దాంట్లో ఉండే విషం చేపల రక్తాన్ని చెడగొడతది, తర్వాత కొన్ని రోజులకు విరిగిపోయి ఎరువైతది.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఇది చదివి పుస్తకం మూసేసిన. మనం మొక్కే చెట్టు ఇప్ప. పుట్టుకలో, పెండ్లిలో, చావులో ఉండే చెట్టు. ఆ గింజలు ఏరేది మన అమ్మలే, కిలోల లెక్కన అమ్మేది మన అమ్మలే. అది తిరిగి వచ్చి మన చేపను చంపుతది. నిజమే, ఎండాకాలం వాగు మడుగుల్లో చెట్ల మందు వేసి చేప పట్టుడు మన పెద్దలకూ తెలుసు. కానీ వాళ్లు ఒక మడుగులో, ఊరంతా కలిసి, ఒక్కపూట కూర కోసం చేసిన్రు. మన చేపను కలుపు అని ఏరి పారెయ్యడానికి కాదు. పెద్ద చెరువులో ఇప్ప చెక్క వెయ్యరు, ఇది చిన్న కుంటల పద్ధతి. అయితే ఆ ఆలోచన పెద్ద చెరువుకు కూడా వచ్చింది. లెక్కల్లో ఉండే చేపే చేప, లేనిది కలుపు. పోడును కూడా ఒకప్పుడు అట్లనే చూసిన్రు కదా.

దూరంలో మనలాంటోళ్లు

ఇది మన ఒక్కరి కథ కాదు. మధ్య అమెరికాలో గ్వాటెమాల అనే దేశం ఉంది. అక్కడ కొండల మధ్య అతిత్లాన్ అనే సరస్సు. చుట్టూ మాయా ఆదివాసీల ఊర్లు. 1958లో, మళ్లీ 1960లో అందులో అమెరికా బాస్ చేపలను వదిలిన్రు. స్థానికుల కూర కోసం కాదు, గాలం ఆటకు పర్యాటకులు రావాలని. బాస్ పెద్ద నోరున్న వేట చేప. అక్కడి చిన్న చేపలను, ఎండ్రికలను తినుకుంట పోయింది. అవి తిని బతికే ఒక నీటికోడి ఉండేది, ఆ సరస్సులో తప్ప లోకంలో ఎక్కడా లేదు. 1960లో సుమారు 200 ఉంటే, 1965కు 80కి వచ్చినయ్. కాపాడే ప్రయత్నాలతో కొంత పెరిగినయ్. 1976 భూకంపం తర్వాత సరస్సు నీళ్లు తగ్గినయ్, ఒడ్డున ఇండ్లు లేచినయ్, రెల్లు పోయింది. 1980ల చివరికల్లా ఆ పక్షి పూర్తిగా లేకుండా పోయింది.

బాస్‌ను వదిలినప్పుడు ఒడ్డున బతికే మాయా ఊర్లను అడిగి వదల్లేదు. నాకు ఆ కథలో మన చెరువు కనబడేది అక్కడనే.

చట్టం ఏమంటది?

చట్టం మన దిక్కే ఉంది, వాడుకునేది మనం. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని ఉంది. మన కట్టుబాట్లను, సమాజ వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని అదే సెక్షన్ చెప్తది. దాని నియమాలు 2011లో వచ్చినయ్.

2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో సామూహిక హక్కులు రాసిన కాడ చేపలు, నీటి వనరుల ఇతర ఉత్పత్తులు అని పేరు పెట్టి రాసిన్రు. పోడు పట్టాకు ఫారం-ఏ నింపినం. చేపకు, మేతకు ఉన్న సామూహిక హక్కు ఫారం-బీలో ఉంటది. మీలో ఎంతమంది ఊర్లో ఫారం-బీ వేసిన్రు? చేతులెత్తండి. చూసిన్రా, ఎన్ని చేతులు లేచినయో.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీకో కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలె. ఆ రిజిస్టర్‌లో మీ చెరువు చేపల పేర్లు ఉన్నయా అని అడగండి. చెరువు కాడికి రాకుండా రాసిన రిజిస్టర్ అయితే, మళ్లీ రాయించండి.

మనం చేయాల్సిన పని

ఊరికి పోయినంక నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, మీ అవ్వను, తాతను, పెద్దమ్మను కూసోబెట్టి చేపల పేర్లు రాయండి. తెలుగులో, మీ భాషలో రెండింటిలో రాయండి. గోండీలో చేపను మీన్ అంటరు, కొర్రమీనులో ఉన్నది ఆ మాటే. ఏ చేప ఎప్పుడు ఎక్కుతది, ఎక్కడ గుడ్లు పెడతది, చిన్నప్పుడు ఉండి ఇప్పుడు కనబడనిది ఏది, అన్నీ రాయండి. ఫోన్‌లో ఫొటో తియ్యండి. ఆ కాగితం ఫారం-బీకి సాక్ష్యమైతది, రిజిస్టర్‌కు పనికొస్తది.

రెండు, పిల్లల లారీ వచ్చిననాడు కట్ట మీద ఉండండి. ఏ చేప, ఎన్ని, ఎంత సైజు అని అడగండి. గ్రామసభ ముందు డబ్బాలు విప్పించండి. మార్పు పిల్లలుంటే ఏ మార్పో తేలేదాకా పోయనియ్యకండి. అక్వేరియం చేపను దయతో చెరువులో వదిలే తమ్ముళ్లకు కూడా చెప్పండి, అది దయ కాదు.

మూడు, తొలకరి నెలలో వాగు తొవ్వను ఇడిచిపెట్టండి. వాగుకు అడ్డంగా వల కట్టకుండా ఊరే కట్టుబాటు పెట్టుకోవాలె. ఈ మాట నేను మా ఊర్లో అంటే "నీ పెద్దమ్మ ఊత కూడా ఆపుతవా?" అని అడిగిన్రు. న్యాయమైన ప్రశ్నే. ఊత ఒక్కో చేపను పడతది, అడ్డంగా కట్టిన వల గుంపు మొత్తాన్ని ఆపుతది. ఎక్కడ గీత గియ్యాలో మీ పెద్దలతో కూసోని మీరే తేల్చుకోండి. బ్లీచింగ్, కరెంటు మాత్రం ఎవరు చేసినా బంద్.

నాలుగు, గ్రామసభలో తీర్మానం. పాట పెట్టినా, సొసైటీకి ఇచ్చినా, అందులో ఒక వాక్యం ఉండాలె: పోసిన చేప మీదనే సొసైటీకి హక్కు, తనంతట పుట్టిన చేపను ఊత, గాలం, చేతులతో పట్టుకునే హక్కు ఊరందరిది, దానికి రుసుము లేదు. చెరువులో ఒక మూల, గడ్డి ఉన్న దిక్కు, పోత లేకుండా, వల లేకుండా వదలాలని కూడా రాయించండి.

మత్స్యకార కులాలతో మనకు తగవు లేదు. ముదిరాజ్, బెస్త, గంగపుత్ర అన్నలు కూడా ఈ నీళ్ల మీదనే బతుకుతున్నరు. చెరువు చేప తగ్గితే వాళ్ల వలా ఖాళీనే. సొసైటీలో మనోళ్లూ ఉన్నరు. రవ్వు అమ్మితే వచ్చే పైసలతో పిల్లల ఫీజులు కట్టినోళ్లున్నరు. అవి వద్దనను. వాళ్లతో కలిసి కూసోని మాట్లాడాలె.

పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తా. ఆ రోజు బుట్ట ఖాళీగా ఇంటికొచ్చింది. నేను కోపంగా ఫిర్యాదు రాస్తానన్న. "రాయి. కానీ ముందు ఆ చేపల పేర్లు రాయి. పేరు తెలవనోడు ఎట్ల అడుగుతడు?" అన్నది. ఆ రాత్రి ఆమె చెప్తుంటే 23 పేర్లు రాసిన. అందులో నేను కండ్లతో చూసినవి 14. మిగతా తొమ్మిది ఎక్కడ పోయినయో అడిగితే, ఆమె చెరువు దిక్కు చూసింది.

వచ్చే నెల మా గ్రామసభలో పాట సంగతి వస్తది. ఆ కాగితం పట్టుకుని నేను పోతున్న, పెద్దమ్మ కూడా వస్తది. మీ ఊర్లో మీ కాగితం మీరు తయారు చెయ్యండి.

జల్, జంగల్, జమీన్. మొదటి మాటను మర్చిపోవద్దు.

జై ఆదివాసీ. జోహార్.